సూరత్ తెలుగు తల్లులు: నేత వలస కుటుంబాల చరిత్ర

గుజరాత్‌లోని సూరత్‌లో తెలంగాణ నేత కుటుంబాలు పెద్ద సంఖ్యలో స్థిరపడ్డాయి. వీరిలో పద్మశాలీలు ఎక్కువ. లింబాయత్, ఉధ్నా, పర్వత్ పాటియా ప్రాంతాల్లో తెలుగు వాడలున్నాయి. ఈ వలస గురించి చెప్పేటప్పుడు సాంచాలు (మరమగ్గాలు) నడిపిన మగవాళ్ల మాటే ముందొస్తుంది. కానీ బతుకుదెరువుకు వెళ్లినవాళ్లు అక్కడే ఊరు కట్టుకున్నది ఆడవాళ్లు వెళ్లి కాపురాలు పెట్టాకే.

మరమగ్గాల పోటీకి చేనేత దెబ్బతినడంతో వరంగల్, నల్లగొండ, కరీంనగర్ ప్రాంతాల నేతగాళ్లు షోలాపూర్, భివండి, ముంబయి దారి పట్టారు. ఇరవయ్యో శతాబ్ది ద్వితీయార్ధంలో సూరత్‌లో కృత్రిమ పట్టు, ఆ తర్వాత పాలియెస్టర్ బట్టల పరిశ్రమ పెరగడంతో వలస అటూ మళ్లింది. వరంగల్ మీదుగా సూరత్ వెళ్లే నవజీవన్ ఎక్స్‌ప్రెస్ ఈ కుటుంబాలను అటూ ఇటూ చేరవేసిన బండి.

సొంతూళ్లో మగ్గం ఇంట్లోనే ఉండేది. మగవాడు నేస్తే, ఆడవాళ్లు నూలు తోడి, కండెలు చుట్టి, ఆసు పోసేవారు. బట్టలో సగం శ్రమ వాళ్లదే. సూరత్‌లో మగ్గం కార్ఖానాకు చేరింది. తల్లుల నుంచి నేర్చుకున్న పనికి అక్కడ చోటు లేకపోయింది. దాని బదులు చీరల మూటలు ఇంటికొచ్చాయి. లేసు కుట్టడం, రాళ్లు అంటించడం, ఎంబ్రాయిడరీ వెనక వేలాడే దారాలు కత్తిరించడం, అన్నిటికీ చీర లెక్కన కూలి. రాత్రిపూట పన్నెండు గంటల షిఫ్టు చేసొచ్చిన భర్త, ఉన్న ఒక్క గదిలో పగలు నిద్రపోతుంటే, తల్లి మూటను, పిల్లల్ని గుమ్మం బయటికి తెచ్చుకునేది. ఒక చేత్తో చంటిదాన్ని ఊపుతూ, రెండో చేత్తో రాళ్లు అంటించేది. ఫ్యాక్టరీ రిజిస్టర్లకు ఎక్కని ఈ సంపాదనే చాలా ఇళ్లలో బియ్యానికి, బడి పుస్తకాలకు ఆధారమైంది.

పిల్లల చదువు విషయంలో సూరత్ నగరపాలక సంస్థ చేసిన మేలు చెప్పుకోదగ్గది. గుజరాతీ, హిందీ, మరాఠీ, ఉర్దూ, ఒడియా, ఇంగ్లీషుతోపాటు తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక పాఠశాలలు నడుపుతోంది. వీధిలో హిందీ, గుజరాతీ మాట్లాడే పిల్లలకు ఇంట్లో తెలుగు మిగిలిందంటే అమ్మలూ అమ్మమ్మలే కారణం. దసరా ముందు మార్కెట్లో కొన్న బంతి, చామంతి పూలతో బతుకమ్మను పేర్చి, పాటలు నేర్పింది కూడా వాళ్లే.

కష్టాలు తప్పలేదు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది నగరం విడిచి వెళ్లారు. ఆ తర్వాత మునిసిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు పారిశుద్ధ్యాన్ని చక్కదిద్దారు. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ నది పొంగి నగరంలో చాలా భాగాన్ని ముంచింది. 2020 లాక్‌డౌన్‌లో సాంచాలు ఆగిపోయి, కూలి పడిపోయింది.

మొదట కాపురానికొచ్చిన ఆ తరం స్త్రీలు ఇప్పుడు వృద్ధులు. సూరత్ తెలుగు సంఘాలు, మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు వాళ్ల మాటలను, పేర్లతో సహా, వెంటనే రికార్డు చేయాలి.