కోతల వేళ తగ్గని జ్వరమా? స్క్రబ్ టైఫస్ కావచ్చు

వరి కోతలకు వెళ్లొచ్చిన వారం, రెండు వారాలకు జ్వరం పట్టుకుందా? మలేరియా లేదు, డెంగీ లేదు అని పరీక్షల్లో వచ్చినా తగ్గడం లేదా? అయితే స్క్రబ్ టైఫస్‌ను అనుమానించండి. 2025 చివర్లో విజయనగరం జిల్లాతో పాటు రాష్ట్రంలో పలుచోట్ల ఈ కేసులు బయటపడ్డాయి. త్వరగా గుర్తిస్తే చవకైన మాత్రలతో తగ్గిపోతుంది. ఆలస్యమైతే ఊపిరితిత్తులు, కిడ్నీలు, మెదడు దెబ్బతిని ప్రాణం మీదికి వస్తుంది.

దీన్ని తెచ్చేది దోమ కాదు. ఎలుకలు, పందికొక్కులు తిరిగే గడ్డిలో, పొదల్లో ఉండే నల్లి జాతి పురుగు పిల్ల. కంటికి ఆనదు, కుట్టినా నొప్పి తెలియదు. దానికి తేమ, పచ్చగడ్డి, ఎలుక మూడూ కావాలి. వానలు వెనకబట్టి చలి ముదరకముందు, సరిగ్గా మన కోతల సమయానికి, ఆ మూడూ పొలం గట్ల మీదే దొరుకుతాయి.

వాతావరణ మార్పు ప్రభావం ఇక్కడే ఉంది. గాలి వేడెక్కే కొద్దీ ఎక్కువ తేమను మోస్తుంది, పడితే కుండపోతగా పడుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్, 2018 అక్టోబర్ 11న తిత్లీ మన తీరాన్ని తాకాయి. ఏ ఒక్క తుఫానునూ పూర్తిగా ఈ మార్పు ఖాతాలో వేయలేం. కానీ వంశధార, నాగావళి పొంగి పొలాలు మునిగినప్పుడల్లా బొరియల్లోని ఎలుకలు మెరక గట్లకు, గడ్డివాములకు, చివరికి పెరట్లోకి వస్తాయి. తోటల్లో కూలిన కొబ్బరి, జీడి చెట్లను తీయకుండా వదిలేస్తే వాటికి అదే నివాసం.

నల్ల మచ్చ కోసం వెతకండి

పురుగు కుట్టిన చోట సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది. నొప్పి, దురద ఉండవు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. గజ్జలు, చంకలు, మొలతాడు కట్టే చోటు, ఆడవారికి రొమ్ముల కింద చూసుకోవాలి. అందరికీ మచ్చ రాదు, కనుక మచ్చ లేదని ధీమాగా ఉండవద్దు.

ఆసుపత్రిలో "పొలం పనికి వెళ్లాను, గడ్డి కోశాను" అని మీరే ముందుగా చెప్పండి. మామూలుగా జ్వరాలకు వాడే చాలా యాంటీబయాటిక్‌లు దీనికి పనిచేయవు. డాక్సీసైక్లిన్ పనిచేస్తుంది, గర్భిణులకు అజిత్రోమైసిన్ ఇస్తారు. అనుమానం బలంగా ఉంటే డాక్టర్లు పరీక్ష ఫలితం రాకముందే మందు మొదలుపెడతారు. సొంతంగా కొని వాడవద్దు. ముఖ్యంగా ఒళ్లు నొప్పులకని నొప్పుల ఇంజెక్షన్లు వేయించుకుంటూ రోజులు గడపవద్దు. ఉద్దానం ప్రాంతం వారికి కిడ్నీల గురించి మేం కొత్తగా చెప్పనక్కరలేదు. ఆ సమస్య ఇప్పటికే ఉన్నవారు మొదటి రోజే డాక్టర్‌కు తెలపాలి.

ముంపు నీటిలో దిగినవారికి మరో ముప్పు లెప్టోస్పైరోసిస్. ఎలుకలు, పశువులు, కుక్కల మూత్రం కలిసిన నీటి నుంచి కాళ్ల పగుళ్లు, గాయాల ద్వారా సోకుతుంది. జ్వరంతో పాటు పిక్కల్లో తీవ్రమైన నొప్పి, కళ్లు ఎర్రబడటం, పచ్చకామెర్లు, మూత్రం తగ్గడం కనిపిస్తే ఒక్క రోజు కూడా ఆగవద్దు, 108కి ఫోన్ చేయండి.

గట్టు దగ్గరే జాగ్రత్త

కోతకు నిండు చేతుల చొక్కా, కాళ్లు కప్పే బట్టలు వేసుకోండి. గట్టు గడ్డి మీద నేరుగా కూర్చోవద్దు, పసిపిల్లలను పడుకోబెట్టవద్దు. తీసిన చొక్కాను కూడా గడ్డి మీద పడేయకుండా కొమ్మకు తగిలించండి. ఇంటికి రాగానే సబ్బుతో రుద్ది స్నానం చేసి, పని బట్టలు వేడి నీళ్లలో ఉతకండి. చచ్చిన ఎలుకను ఉత్త చేత్తో పట్టుకోవద్దు. లావు గట్లలో బొరియలు ఎక్కువ, కాబట్టి దమ్ము సమయంలోనే గట్లు సన్నగా చెక్కి గడ్డి తీయండి. ఎలుకల మందు ఒక్కరే పెడితే పక్క పొలం ఎలుకలు మళ్లీ వస్తాయి. రైతు సేవా కేంద్రంలో అడిగి, ఆయకట్టు రైతులంతా ఒకే రోజు పెట్టండి.