కొండలు లేని సీమలో ఒక పర్వతారోహకుని స్మృతి

ఏలూరు నుండి కొల్లేటి వైపు సైకిలుపై బయలుదేరినవారికి ఎక్కుటకు చెరువుగట్టే గాని కొండ కానరాదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరు సరస్సున నిలిచి, ఉప్పుటేటి వెంట సముద్రమును చేరును. ఇచ్చట భూమి ఎత్తును అడుగులలో లెక్కింతురు. సముద్రమట్టమునకు అయిదడుగుల ఎత్తున గుర్తించిన అయిదవ కాంటూరునకు తమ చెరువు లోపలిదా, వెలుపలిదా యను ప్రశ్నపై ఎన్నో కుటుంబముల బ్రదుకు ఆధారపడినది. 2006లో ఆ గీత లోపలి చేపలచెరువుల గట్లను ప్రభుత్వము తెగగొట్టించెను. మేము అయిదడుగుల ఎత్తును గూర్చి వాదులాడుకొనుచున్న ఆ సంవత్సరముననే ఒక తెలుగు యువకుడు ఏడు ఖండముల మహోన్నత శిఖరములను ఎక్కుచుండెను. అతడు మల్లి మస్తాన్ బాబు.

1974 సెప్టెంబరు 3న నెల్లూరు జిల్లా గాంధీ జనసంగమను పల్లెలో, సామాన్య కుటుంబమున అతడు జన్మించెను. విద్యార్థియై కోరుకొండ సైనిక పాఠశాలలో చేరెను. అచ్చట ఒక విగ్రహము కలదు. ఆ పాఠశాలలోనే చదివి, సైన్యమున లెఫ్టినెంటై, 1985లో భారత సైన్యము ఎవరెస్టునకు పంపిన జట్టుతో వెళ్లి తిరిగిరాని ఉదయభాస్కరరావు విగ్రహ మది. ఆ యాత్రలో అయిదుగురు సైనికాధికారులు అసువులు బాసిరి. వారిలో జయ బహుగుణ యొకడు. అతని అన్న హర్ష బహుగుణ 1971లో అదే పర్వతముపై మరణించియుండెను. అన్న పోయిన త్రోవను తమ్ముడు పోయెను. తాను చూడని అగ్రజుని త్రోవను మస్తాన్ బాబు పట్టెను.

జంషెడ్‌పూర్‌లో ఇంజనీరింగు, ఖరగ్‌పూర్‌లో ఉన్నత సాంకేతిక విద్య, కలకత్తాలో నిర్వహణశాస్త్రము నేర్చినవానికి సుఖమైన ఉద్యోగము దుర్లభము కాదు. అతడు కొండలనే కోరెను. 2006 జనవరి 19న అంటార్కిటికాలోని విన్సన్ శిఖరముతో ఆరంభించి, అకాంకాగువా, కిలిమంజారో, కోసియుస్కోలను ఎక్కి, మే 21న ఎవరెస్టును, జూన్ 13న ఎల్‌బ్రస్‌ను, జూలై 10న డెనాలిని అధిరోహించెను. మొత్తము 172 దినములు. విన్సన్ గురువారము, ఎవరెస్టు ఆదివారము, డెనాలి సోమవారము. ఇట్లు వారములోని ఏడు దినములకును ఒక్కొక్క శిఖరము దక్కినది.

2015 మార్చిలో అతడు ఆండీస్ పర్వతములలో, చిలీ, అర్జెంటీనాల సరిహద్దుననున్న ట్రెస్ క్రూసెస్ సూర్ శిఖరమునకు ఒంటరిగా సాగెను. 24వ తేదీ తరువాత అతని జాడ తెలియలేదు. ఏప్రిల్ మొదటి వారమున అతని భౌతికకాయము మాత్రమే దొరకినది. నలువది యేండ్ల వయస్సు. ఆ నెల 25న స్వగ్రామమున ప్రభుత్వ లాంఛనములతో అంత్యక్రియలు జరిగినవి.

ఇట్టివారి కథ పిల్లలకు చెప్పనగునా యని ఇంటి పెద్దలు అడుగుదురు. ఆ ప్రశ్నను మేము తేలికగా తీసికొనము. తాటిదోనెపై కొల్లేటి లోనికి పోయినవాడు చీకటిపడినను రాకున్నచో గట్టుమీద నిలిచి ఎదురుచూచుట ఎట్టిదో లంకలవారికి తెలియును. అయినను చెప్పవలె ననియే మా అభిప్రాయము. కోరుకొండ విగ్రహము ఏ బాలుని మోసగింపలేదు. ఒకడు వెళ్లెనన్న మాటతో పాటు, తిరిగిరాలేదన్న మాటయు అది చెప్పినది. సగము దాచిన కథయే ప్రమాదకరము.

మస్తాన్ బాబు మరణించిన 2015లోనే తాడేపల్లిగూడెమున జాతీయ సాంకేతిక విద్యాసంస్థ ఆరంభమైనది. ఆయన చదివినట్టి చదువే నేడు అచ్చటి యువకులు చదువుచున్నారు. సెలవుదినమున జట్టుగా సైకిళ్లెక్కి గట్లవెంట పోవు పిల్లలకు అతని సాహసమును చెప్పుదము; వెనుకబడినవాని కొరకు ఆగి, అందరును కలిసి ఇల్లు చేరవలెనని కూడ చెప్పుదము.