ఉద్దానంలో మందుల సంచీ: కాంపౌండరు నుంచి ఫార్మసిస్టు దాకా

ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న టెక్కలి, మందస, సోంపేట 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేవి. అప్పుడూ, ఆ తర్వాత చాలా ఏళ్లూ డాక్టరు రాసిన చీటీని మందుగా మార్చింది కాంపౌండరే. రోగి ఇంటి నుంచి తెచ్చుకున్న ఖాళీ సీసాలో మిక్చరు పోసి, దాని పక్కన మెట్లుమెట్లుగా కత్తిరించిన కాగితం ముక్క అంటించేవాడు. ఒక్కో మెట్టు ఒక్కో మోతాదు. ఎంత తాగాలో, ఇంకెన్ని పూటలకు మిగిలిందో అక్షరం రాని మనిషికీ కంటికి కనబడేది. మందు ఇవ్వడం, దాన్ని వాడే తీరు చెప్పడం అప్పట్లో ఒకే పని.

కాకపోతే ఎవరు పడితే వారు మందు కలిపేవారు. 1930లో వేసిన రామ్‌నాథ్ చోప్రా సంఘం ఈ అరాచకాన్నే ఎత్తిచూపింది. బెనారస్‌లో మహాదేవ లాల్ ష్రాఫ్ ఫార్మసీని విశ్వవిద్యాలయ చదువుగా నిలబెట్టారు. 1940లో ఔషధాల చట్టం, 1948లో ఫార్మసీ చట్టం వచ్చాయి. చీటీ మీద మందు ఇచ్చే హక్కు రిజిస్టరైన ఫార్మసిస్టుదే అయింది. అయితే మిక్చరు పోయి మాత్రల అట్టలు వచ్చేసరికి, కలిపే పనితో పాటు కూర్చోబెట్టి చెప్పే అలవాటూ పోయింది. చదువు పెరిగింది, రోగితో మాట తగ్గింది.

ఆ లోటు ఎంత ప్రమాదమో శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతంలో తెలిసింది. కొబ్బరి, జీడి తోటల మధ్య కవిటి, కంచిలి, వజ్రపుకొత్తూరు ఊళ్లలో షుగరూ బీపీ లేనివాళ్లకు కూడా కిడ్నీలు పాడవుతున్నాయని 1990ల నాటికే డాక్టర్లు గమనించారు. నెఫ్రాలజిస్టు టి. రవిరాజు వంటివారు ఏళ్ల తరబడి దీని మీద పనిచేశారు. తర్వాతి సర్వేల్లో పెద్దవాళ్లలో దాదాపు ఐదుగురికి ఒకరికి ఈ జబ్బు ఉన్నట్టు తేలింది. మూలకారణం ఇప్పటికీ తేలలేదు.

ఓపీకి వచ్చే ఇలాంటి రోగి సంచీ విప్పితే బీపీకి టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్, నీరు తీయడానికి ఫ్రూసెమైడ్, సోడా మాత్ర, ఐరన్, కాల్షియం, ఫాస్ఫరస్ తగ్గించే మాత్ర కనిపిస్తాయి. అట్టను కత్తిరించి ఇచ్చిన ముక్క మీద పేరు సగమే మిగులుతుంది. ఇంట్లో వాటిని పిలిచేది రంగుతోనే: తెల్లది, గులాబీది. కంపెనీ మారి రంగు మారితే పాతదీ కొత్తదీ రెండూ మింగే ప్రమాదముంది. ఫాస్ఫరస్ మాత్ర అన్నంతో పాటు వేసుకుంటేనే పనిచేస్తుంది. ఐరన్, కాల్షియం ఒకేసారి మింగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. టెల్మిసార్టాన్ ఒంట్లో పొటాషియం పెంచుతుంది, కొబ్బరి నీళ్లలో ఉండేదీ అదే. ఎండన పడి వచ్చిన మనిషికి బొండం కొట్టి ఇచ్చే ఊళ్లో, కిడ్నీ దెబ్బతిన్నవారికి అది గుండె లయ తప్పించవచ్చని ఎవరో ఒకరు విడమరిచి చెప్పి తీరాలి.

అసలు భయం మరో మాత్రతో. జీడి పిక్కలు కొట్టి నడుము పట్టేసిన మనిషి మందుల షాపుకొచ్చి, "ఒళ్లు నొప్పులకు ఏటైనా ఇవ్వండి బాబూ" అంటే చేతికొచ్చేది డైక్లోఫెనాక్ కావచ్చు. చట్టం ప్రకారం అది చీటీ లేకుండా అమ్మకూడని మందు. టెల్మిసార్టాన్, ఫ్రూసెమైడ్‌లకు అది తోడైతే కిడ్నీకి రక్తం అందడం తగ్గిపోతుంది. ఉద్దానం జబ్బుకు నొప్పి మాత్రలే కారణమని ఎవరూ రుజువు చేయలేదు. కానీ మిగిలిన కాస్త కిడ్నీనీ అవి తినేస్తాయన్నది నిజం. ఆ క్షణాన ఆపగలిగిన చదువున్న మనిషి బల్లకు అవతల నిలబడ్డ ఫార్మసిస్టే.

2017 జనవరిలో పవన్ కల్యాణ్ ఇచ్ఛాపురం వచ్చాక ఉద్దానం గోడు రాష్ట్రమంతా విన్నది. డయాలసిస్ కేంద్రాలు పెరిగాయి, డయాలసిస్ రోగులకు పింఛను మొదలై 2019లో నెలకు 10,000 రూపాయలైంది. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, హిరమండలం జలాశయం నుంచి తాగునీటి పథకం ప్రారంభమయ్యాయి. ఇవన్నీ జనం పోరాడి సాధించుకున్నవి. మందుల సంచీకి మాత్రం ఏ పథకంలోనూ పెద్దగా చోటు దక్కలేదు. అదే 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఎక్కువ మందులు వాడేవారికి మందుల వల్లే జరిగే హానిని తగ్గించాలని పిలుపునిచ్చింది. ఆస్ట్రేలియాలో అప్పటికే, 2001 నుంచి, ఇంటికెళ్లి మందులన్నీ సరిచూసే ఫార్మసిస్టుకు ప్రభుత్వం రుసుము చెల్లిస్తోంది.

మన దగ్గరా ఇందుకు కావలసిన చదువుంది. 2008లో ఆరేళ్ల ఫార్మ్‌డీ కోర్సు వచ్చింది. 2015 నిబంధనలు రోగికి మందుల గురించి వివరించడం ఫార్మసిస్టు విధి అన్నాయి. కానీ ఆ పని చేసినందుకు ప్రభుత్వం విడిగా డబ్బిచ్చే ఏర్పాటే లేదు. ఓపీకీ మందుల కిటికీకీ మధ్య ఒక బల్ల వేసి, ఒక ఫార్మ్‌డీ పట్టభద్రుణ్ణి కూర్చోబెట్టవచ్చు. సంచీ కుమ్మరించి, కిడ్నీ పనితీరు చెప్పే తాజా క్రియాటినిన్ రిపోర్టు పక్కన పెట్టుకుని, ఒక్కో మాత్రా చూడటానికి పావుగంట చాలు. డయాలసిస్ పింఛను జాబితా ఎలాగూ ఉంది, మొదట ఎవరిని పిలవాలో వెతుక్కోనక్కర్లేదు. పలాస, టెక్కలి, సోంపేటల్లో ఈ పని రేపే మొదలుపెట్టవచ్చు.