ఫెర్గూసన్ హైడ్రాలిక్ లిఫ్టు

ట్రాక్టరు వెనుక తగిలించిన నాగలి, కల్టివేటరు, గొర్రు వంటి పనిముట్లను నూనె ఒత్తిడితో పైకి లేపి, కిందికి దింపే యంత్రాంగాన్ని హైడ్రాలిక్ లిఫ్టు అంటారు. ఐర్లండుకు చెందిన ఇంజనీరు హ్యారీ ఫెర్గూసన్ (1884–1960) రూపొందించిన లిఫ్టుకు ఆయన పేరుతోనే ఫెర్గూసన్ హైడ్రాలిక్ లిఫ్టు అనే పేరు వచ్చింది. ఫెర్గూసన్ టీఈ20, ఎఫ్ఈ35, మాసీ ఫెర్గూసన్ 35 ట్రాక్టర్లలోను, ఆ తరగతికి చెందిన భారతీయ ట్రాక్టరు మాసీ ఫెర్గూసన్ 1035లోను ఈ పద్ధతి కనిపిస్తుంది. దశాబ్దాల వయసు గల ట్రాక్టర్లలో లిఫ్టు మొరాయించడం సాధారణం. ఈ లోపాలలో అధిక భాగానికి మూలం పంపు విరగడం కాదు. నూనె తగ్గడం, చెడడం, లోపల ఎక్కడో కారడం. అందువలన యంత్రాన్ని విప్పడానికి ముందు లోపం ఎక్కడ ఉన్నదో నిర్ధారించుకోవడమే మరమ్మతులో ప్రధానమైన భాగం.

చరిత్ర

తొలినాళ్ళలో ట్రాక్టర్లు నాగలిని బండిని లాగినట్లు గొలుసుతోనో, కడ్డీతోనో లాగేవి. నాగలి మొన రాయికి గాని, చెట్టు వేరుకు గాని తగిలి ఆగిపోతే ఇంజను శక్తికి ట్రాక్టరు ముందుభాగం పైకి లేచి, ఒక్కోసారి వెనుకకు తిరగబడి డ్రైవరు ప్రాణం తీసేది. 1917లో ఐర్లండు వ్యవసాయ శాఖ పక్షాన ట్రాక్టర్ల వాడకాన్ని మెరుగుపరచే పని చేపట్టిన ఫెర్గూసన్, నాగలిని ట్రాక్టరులో ఒక భాగంగా మార్చాలనే ఆలోచనపై కృషి చేశాడు. రెండు కింది లింకులు, ఒక పై లింకు (టాప్ లింకు) గల మూడు బిందువుల జోడింపు, దానిని నడిపే హైడ్రాలిక్ లిఫ్టు 1933లో ఆయన నిర్మించిన నమూనా ట్రాక్టరులో కలిసి రూపుదిద్దుకున్నాయి. 1936లో ఫెర్గూసన్-బ్రౌన్ ట్రాక్టరు మార్కెట్టులోకి వచ్చింది.

1938లో ఫెర్గూసన్, హెన్రీ ఫోర్డు కేవలం చేయి కలిపి ఒక ఒప్పందం చేసుకున్నారు. దాని ఫలితంగా 1939లో ఫోర్డు 9ఎన్ వెలువడింది. తరువాత ఒప్పందం చెడిపోయి వ్యవహారం న్యాయస్థానానికి చేరింది. 1952లో ఫోర్డు కంపెనీ 92.5 లక్షల డాలర్లు చెల్లించి రాజీ చేసుకుంది. పంపు పీల్చే వైపు కంట్రోలు వాల్వును అమర్చే పద్ధతిని వదులుకోవడం కూడా ఆ రాజీ షరతులలో ఒకటి. లిఫ్టు నిర్మాణంలో ఆ వాల్వుకు ఎంత ప్రాధాన్యం ఉందో దీనినిబట్టి తెలుస్తుంది.

ఇంగ్లండులోని కోవెంట్రీ నగరంలో 1946 నుండి 1956 వరకు టీఈ20 ట్రాక్టర్లు 5 లక్షలకు పైగా తయారయ్యాయి. 1953లో ఫెర్గూసన్ సంస్థ మాసీ-హారిస్‌తో విలీనమైంది. 1958లో సంస్థ పేరు మాసీ ఫెర్గూసన్‌గా మారింది. 1960లో మద్రాసులో (నేటి చెన్నై) స్థాపించబడిన టాఫే సంస్థ మాసీ ఫెర్గూసన్ సహకారంతో భారతదేశంలో ట్రాక్టర్ల తయారీ చేపట్టింది.

పనిచేసే సూత్రం

మూసి ఉన్న పాత్రలోని ద్రవంపై కలిగించిన ఒత్తిడి అన్ని దిశలకు సమానంగా వ్యాపిస్తుందని ఫ్రెంచి శాస్త్రవేత్త బ్లెయిజ్ పాస్కల్ (1623–1662) చెప్పిన నియమమే లిఫ్టుకు ఆధారం. ఉదాహరణకు 3 అంగుళాల వ్యాసం గల పిస్టను వైశాల్యం సుమారు 7 చదరపు అంగుళాలు. చదరపు అంగుళానికి 2,000 పౌన్ల ఒత్తిడి గల నూనె దానిపై పనిచేస్తే పిస్టనుపై సుమారు 14,000 పౌన్ల (దాదాపు 6,400 కిలోల) బలం కలుగుతుంది. పిస్టను కదిలే దూరం తక్కువ, లింకు కొనలు కదిలే దూరం ఎక్కువ కనుక లింకుల కొనల వద్ద లభించే బలం దీనిలో కొంత భాగమే. అయినప్పటికీ బరువైన పనిముట్లను లేపడానికి అది చాలుతుంది.

ముఖ్య భాగాలు

పంపు: గేర్లు, వెనుక ఇరుసు ఉండే పెట్టె (సెంటర్ హౌసింగు) అడుగున, నూనెలో మునిగి ఉంటుంది. నాలుగు చిన్న పిస్టన్లు గల ఈ పంపును పీటీఓ షాఫ్టు తిప్పుతుంది. ఒక్కొక్క పిస్టను గదికి నూనె లోపలికి వచ్చే వాల్వు, బయటకు పోయే వాల్వు విడివిడిగా ఉంటాయి. గేర్లకు, లిఫ్టుకు ఒకే నూనె కావడం ఈ పద్ధతి ప్రత్యేకత.

కంట్రోలు వాల్వు: డ్రైవరు మీటను పైకి జరిపితే నూనె పంపులోకి ప్రవేశించి, అక్కడి నుండి సిలిండరులోకి పోతుంది. మీటను కిందికి జరిపితే సిలిండరులోని నూనె తిరిగి పెట్టెలోకి వస్తుంది. నడిమి స్థితిలో రెండు దారులు మూసుకొని, సిలిండరులో చిక్కిన నూనె పనిముట్టును నిలిపి ఉంచుతుంది.

సిలిండరు, పిస్టను: సీటు కింద ఉండే పై మూతకు (టాప్ కవరుకు) లోపలివైపున సిలిండరు బిగించబడి ఉంటుంది. పిస్టను ముందుకు కదిలి అడ్డ షాఫ్టును తిప్పగా, దాని రెండు కొనలలోని లిఫ్టు ఆర్ములు పైకి లేస్తాయి. ఇది ఒకవైపు మాత్రమే పనిచేసే సిలిండరు. దింపడానికి నూనె ఒత్తిడి అవసరం లేదు. పనిముట్టు తన బరువుతోనే దిగుతుంది.

నిలువు గొట్టం: అడుగున ఉన్న పంపు నుండి పైనున్న సిలిండరుకు నూనె చేరవేస్తుంది. దీని కొనలలో నూనె కారకుండా రబ్బరు ఓ-రింగులు ఉంటాయి.

రిలీఫ్ వాల్వు: ఒత్తిడి పరిమితి దాటినప్పుడు తెరుచుకొని నూనెను వదిలివేసి యంత్రాన్ని కాపాడుతుంది.

డ్రాఫ్టు స్ప్రింగు: దున్నేటప్పుడు నేల గట్టిపడితే టాప్ లింకు ముందుకు నెట్టబడి ఈ స్ప్రింగును నొక్కుతుంది. ఆ కదలిక కంట్రోలు వాల్వుకు చేరి నాగలిని కొద్దిగా లేపుతుంది. నేల మెత్తబడగానే నాగలి తిరిగి దిగుతుంది. దీనినే డ్రాఫ్టు కంట్రోలు అంటారు. పనిముట్టును ఒకే ఎత్తులో నిలిపే పొజిషన్ కంట్రోలు ఎఫ్ఈ35తో వచ్చింది.

లోపాలు – కారణాలు

లిఫ్టు అసలు లేవకపోవడం: మొదట నూనె మట్టం చూడాలి. టీఈ20లో పీటీఓ మీట వేయనిదే పంపు తిరగదు. క్లచ్చు తొక్కినా పంపు ఆగిపోతుంది. ఈ సంగతి తెలియక మంచి పంపును విప్పినవారు ఉన్నారు. ఇవి సరిగా ఉంటే నూనె పీల్చే చోట జల్లెడ పూడిపోవడం, వాల్వు బిగుసుకుపోవడం, లోపలి మీటల జోడింపు ఊడిపోవడం, రిలీఫ్ వాల్వు తెరిచిన స్థితిలోనే నిలిచిపోవడం అనే కారణాలను వరుసగా పరిశీలించాలి.

కుదుపులతో లేవడం: పంపులోని నాలుగు గదులలో ఒకదాని వాల్వు కింద చెత్త చేరినా, అరిగినా మిగిలిన మూడు గదులే పనిచేస్తాయి. అప్పుడు లిఫ్టు ఒకే తీరుగా గాక కుదుపులతో లేస్తుంది. నూనెలో గాలి నురుగు చేరినా ఇటువంటి లక్షణమే కనిపిస్తుంది.

లేపిన పనిముట్టు తల ఊపినట్లు కదలడం: లోపల నూనె కారడం వలన పనిముట్టు కొద్దిగా దిగుతుంది, పొజిషన్ కంట్రోలు దానిని గుర్తించి తిరిగి లేపుతుంది. ఇది మాటిమాటికి జరుగుతూ ఉంటుంది. ఇంజను ఆపగానే పనిముట్టు త్వరగా నేలకు చేరితే కారుడు ఉన్నట్లు నిర్ధారణ అవుతుంది. పిస్టను రింగులు, నిలువు గొట్టపు ఓ-రింగులు, కంట్రోలు వాల్వు, రిలీఫ్ వాల్వు – ఈ నాలుగింటిలో ఏదో ఒకటి దీనికి కారణం కావచ్చు.

లేచినది దిగకపోవడం: కంట్రోలు వాల్వు బిగుసుకోవడం, మీటల జోడింపు చెడడం, అడ్డ షాఫ్టు పట్టివేయడం ముఖ్య కారణాలు. ఎఫ్ఈ35 తరగతి ట్రాక్టర్లలో దిగే వేగాన్ని నిర్ణయించే మీట మరీ నెమ్మది స్థానంలో ఉన్నా లిఫ్టు దిగనట్లే కనిపిస్తుంది.

దున్నకంలో లోతు నిలకడగా లేకపోవడం: డ్రాఫ్టు స్ప్రింగు వదులై ముందుకు వెనుకకు ఆడుతుంటే కంట్రోలు సరిగా పనిచేయదు. స్ప్రింగు ఆట లేకుండా ఉండాలి, కాని మరీ బిగుసుకొని ఉండరాదు.

నూనె ప్రాధాన్యం

నూనె మట్టాన్ని ట్రాక్టరు సమతలంపై ఉన్నప్పుడు, లిఫ్టు పూర్తిగా దించి చూడాలి. నూనె పాలవలె తెల్లబడి ఉంటే నీరు కలిసిందని అర్థం. ఆరుబయట నిలిపిన పాత ట్రాక్టర్లలో గేరు రాడ్డు చుట్టూ ఉండే రబ్బరు తొడుగు చిరిగి వాన నీరు లోపలికి దిగుతుంది. వరి పొలాలలో దమ్ము చేసేటప్పుడు బురద నీటిలో చాలాసేపు పనిచేసే ట్రాక్టర్లలో సీళ్ళు అరిగితే నీరు చేరే అవకాశం ఉంది. నీరు కలిసిన నూనె వాల్వులను తుప్పు పట్టిస్తుంది. ఆ నూనెనే గేర్లు, బేరింగులు కూడా వాడుకుంటాయి కనుక నష్టం లిఫ్టుతో ఆగదు.

టిప్పింగు ట్రైలరు జోడించే ట్రాక్టర్లలో ట్రైలరు జాకీకి కూడా ఈ పెట్టెలోని నూనెయే పోతుంది. జాకీ లేచినప్పుడు పెట్టెలో మట్టం తగ్గుతుంది. దిగినప్పుడు జాకీలోని మురికి కూడా నూనెతో వెనుకకు వస్తుంది. నూనె రకాన్ని తయారీదారు పుస్తకంలో చూసి ఎంచుకోవాలి. బ్రేకు ద్రవాన్ని ఎట్టి పరిస్థితిలోను కలపరాదు. అది ఈ నూనెకై తయారైన రబ్బరు రింగులను ఉబ్బించి పాడుచేస్తుంది.

మరమ్మతు విధానం

ముందుగా పనిముట్టును విప్పివేసి, లిఫ్టు ఆర్ములను పూర్తిగా దించి, ఇంజను ఆపాలి. నూనె తీసి, దానిలో లోహపు రజను, రబ్బరు ముక్కలు ఉన్నాయేమో చూడాలి. లోహపు రజను గేర్లు, పంపు అరుగుదలకు, రబ్బరు ముక్కలు రింగుల శిథిలతకు సూచన. హౌసింగు పక్క మూతలు తెరిస్తే పంపు, వాల్వు మీట కనిపిస్తాయి. చిన్న లోపాలు కొన్ని పై మూత విప్పకుండా ఇక్కడే సరిచేయవచ్చు.

సిలిండరు వరకు వెళ్ళవలసివస్తే సీటును, లిఫ్టు రాడ్లను, నూనె గొట్టపు జోడింపును విడదీసి, పై మూత బోల్టులు తీసి, చైన్ పుల్లీతో నిటారుగా పైకి లేపాలి. మూత చాలా బరువైనది; చేతులతో ఎత్తడం ప్రమాదకరం. సిలిండరు లోపలి గోడపై గీతలు పడి ఉంటే కొత్త రింగులు వేసినా నూనె నిలువదు. సిలిండరును సరిచేయించాలి లేదా మార్చాలి. కొత్త రింగుల కోతలు ఒకే వరుసలో రాకుండా ఎడం చేసి అమర్చాలి. మూత తీసిన ప్రతిసారి నిలువు గొట్టపు ఓ-రింగులను, గ్యాస్కెట్టును కొత్తవి వేయడం మంచిది. వీటికయ్యే ఖర్చు మళ్ళీ విప్పే శ్రమతో పోలిస్తే స్వల్పం.

తిరిగి అమర్చేటప్పుడు జరిగే సాధారణమైన పొరపాటు ఒకటి ఉంది. మూతకు వేలాడే కంట్రోలు మీటలు పంపు వాల్వు మీటతో సరిగా కలవకపోతే, అన్ని భాగాలు కొత్తవైనా లిఫ్టు పనిచేయదు. బోల్టులు బిగించే ముందు పక్క మూత గుండా ఈ కలయికను చూసి నిర్ధారించుకోవాలి. నూనె నింపి, లిఫ్టును కొన్నిసార్లు లేపి దించి, మట్టాన్ని మరల సరిచూడాలి.

ప్రమాదాలు – జాగ్రత్తలు

* లేపి ఉంచిన పనిముట్టు కింద ఎవ్వరూ దూరరాదు. దానిని నిలిపి ఉంచేది సిలిండరులోని కొద్దిపాటి నూనె మాత్రమే. ఒక రింగు తెగినా, పక్కనున్న పిల్లవాడు మీట తాకినా అది క్షణంలో కింద పడుతుంది. తప్పనిసరైతే గట్టి కొయ్య దిమ్మెలు గాని, ఇనుప స్టాండ్లు గాని పెట్టాలి. ఇటుకలు హఠాత్తుగా పగిలిపోతాయి.

* ఇంజను నడుస్తుండగా పక్క మూత గుండా చేయి పెట్టరాదు. లోపల పీటీఓ షాఫ్టు తిరుగుతూ ఉంటుంది. లుంగీ, కండువా వంటి వదులు బట్టలతో పని చేయరాదు.

* అధిక ఒత్తిడితో సన్నని రంధ్రం నుండి చిమ్మే నూనె చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు. గాయం సూది గుచ్చినంతే కనిపించి, మొదట నొప్పి కూడా లేకపోవచ్చు. అయినా చికిత్స ఆలస్యమైతే వేలు, చేయి తీసివేయవలసిన స్థితి వస్తుంది. వెంటనే శస్త్రచికిత్స సౌకర్యం గల ఆసుపత్రికి చేర్చి, నూనె గుచ్చుకున్న సంగతి వైద్యునికి చెప్పాలి. కారుడును వెదకడానికి చేతికి బదులు అట్టముక్క వాడాలి.

* ఎక్కువ బరువు లేపాలనే ఆశతో రిలీఫ్ వాల్వు బిగువు పెంచరాదు. దానివలన పంపు, గొట్టాలు, పై మూత పగిలే ప్రమాదం ఉంది.

* దిగబడిన బండిని గాని, దుంగను గాని టాప్ లింకు తగిలించే చోట గొలుసు కట్టి లాగరాదు. అంత ఎత్తు నుండి లాగితే ట్రాక్టరు వెనుకకు తిరగబడుతుంది. ఏ ప్రమాదాన్ని తప్పించడానికి ఫెర్గూసన్ ఈ జోడింపును రూపొందించాడో, దానిని తప్పుగా వాడితే అదే ప్రమాదం తిరిగి వస్తుంది.

ఇవి కూడా చూడండి

ట్రాక్టరు
హ్యారీ ఫెర్గూసన్
పాస్కల్ నియమం
నాగలి