థర్మల్ స్టేషన్ ఏజెంటు పోస్టు

కాలిఫోర్నియా ఎడారి ప్రాంతంలో థర్మల్ అనే ఊరుంది. 1966 మార్చిలో అక్కడి రైల్వే స్టేషన్‌లో ఏజెంటు-టెలిగ్రాఫర్ పోస్టుకి లియా రోజెన్‌ఫెల్డ్ దరఖాస్తు చేసింది. సదరన్ పసిఫిక్ రైల్వే కంపెనీలో ఆమె 1944 నుంచీ ఉద్యోగి. దరఖాస్తు చేసినవాళ్ళందరిలోకీ సీనియర్. కంపెనీ మాత్రం ఆ పోస్టుని ఆమెకన్నా జూనియర్ అయిన ఒక మగ ఉద్యోగికిచ్చింది. ఆమె కోర్టుకెక్కింది.

కంపెనీ చెప్పుకున్న సమాధానాన్ని స్త్రీల చరిత్ర చదివేవాళ్ళు తప్పక చూడాలంటాను. పంటల కాలంలో ఆ స్టేషన్‌లో రోజుకి పది గంటలకు పైగా, వారానికి 80 గంటల పని ఉంటుందట. సరుకు పెట్టెలెక్కి వాటి గాలి తలుపులు సర్దాలి, వాకిళ్ళు మూసి సీలు వేయాలి. 25 పౌన్లు, ఒక్కోసారి 50 పౌన్లు మించిన బరువులెత్తాలి. ఆడవాళ్ళ శరీరం దీనికి తగదు, పైగా వాళ్ళ పనిగంటలకీ, మోసే బరువుకీ రాష్ట్ర చట్టాలు పరిమితి పెట్టాయి, మేమేం చేయగలం అన్నది వాదన. 25 పౌన్లంటే పదకొండు కిలోల చిల్లర. రెండేళ్ళ బిడ్డని చంకనేసుకుని నీళ్ళబిందె మోసే ఆడవాళ్ళకి ఈ లెక్క చెబితే నవ్వుతారు.

ఈ పరిమితుల వెనక 1908 నాటి రెండు తీర్పులున్నాయి. ఆ జనవరిలో, అడైర్ కేసులో, యూనియన్‌లో ఉన్నందుకు రైల్వే కార్మికుణ్ణి తొలగించడం నేరమన్న 1898 నాటి నిబంధనని అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. మానేసే హక్కు కార్మికుడికున్నట్టే తీసేసే హక్కు యజమానికీ ఉంది, ఇద్దరూ సమానులే అంది. నెల తిరక్కుండానే, ముల్లర్ కేసులో, ఆరెగాన్ ఫ్యాక్టరీల్లో, లాండ్రీల్లో ఆడవాళ్ళు రోజుకి పది గంటలకు మించి పనిచేయకూడదన్న చట్టాన్ని అదే కోర్టు సమర్థించింది. తల్లుల ఆరోగ్యం జాతికి అవసరం కదా! మగ కార్మికుణ్ణి యజమానితో సమానుణ్ణి చేసి వదిలేశారు. ఆడమనిషిని గర్భసంచిగా చూసి కాపాడారు. ముల్లర్ కేసు కోసం సమాచారం పోగుచేసిన జోసఫిన్ గోల్డ్‌మార్క్, ఫ్లోరెన్స్ కెల్లీలను నేను తప్పుపట్టలేను. అలసిపోయిన ఆడవాళ్ళకి కాస్త విశ్రాంతి దొరకడానికి ఆ రోజుల్లో కోర్టు ఒప్పుకున్న దారి అదొక్కటే. కానీ అరవై ఏళ్ళ తర్వాత అలాంటి చట్టమే ఒక రైల్వే కంపెనీ చేతికి సాకుగా దొరికింది.

రోజెన్‌ఫెల్డ్ గెలిచింది. 1968లో జిల్లా కోర్టు, 1971లో అప్పీలు కోర్టు ఆమె పక్షానే తీర్పిచ్చాయి. ఉద్యోగాల్లో లింగవివక్షను నిషేధించిన 1964 నాటి పౌరహక్కుల చట్టం ముందు రాష్ట్రాల రక్షణ చట్టాలు నిలవవని, ఆడవాళ్ళనందరినీ ఒకే గాటన కట్టకుండా ఎవరి శక్తిని వారిదిగా చూడాలని అప్పీలు కోర్టు చెప్పింది.

ఈ గెలుపుకి సంతోషిస్తూనే ఒకచోట ఆగిపోతాను. వారానికి 80 గంటల పని ఉంటుందని కంపెనీయే ఒప్పుకుంది. ఆ పని చేయడానికి ఆడమనిషి అర్హురాలా అన్నదే కోర్టు ముందున్న ప్రశ్న. పోస్టు దక్కిన ఆ జూనియర్ ఉద్యోగి చేత అన్ని గంటలు చేయించుకోవచ్చా అన్నది ఆ వివాదంలో భాగం కాలేదు.