పదేళ్ల కాపు లెక్క

2009 మే నెలలో అమెరికా షేరు బజారు ఒక వింత అంకె చూపించింది. 2007 అక్టోబరులో 1565 దగ్గరున్న ఎస్ అండ్ పీ 500 సూచీ, 2009 మార్చి 9న 676కు పడిపోయింది. మే నాటికి కాస్త తేరుకుని 900 చుట్టూ తిరుగుతోంది. అంత పడిన సరుకు చవకగా ఉండాలి కదా. కానీ షేరు ధరను ఏడాది ఆర్జనతో భాగిస్తే వచ్చే పీఈ నిష్పత్తి 130 దాటింది. డాట్‌కామ్ పిచ్చి ముదిరిన రోజుల్లో కూడా అందులో సగం లేదు. అంకెనే నమ్ముకుంటే, నూరేళ్లకు పైగా చరిత్రలో షేర్లు ఎన్నడూ లేనంత ఖరీదైపోయాయి. నిజానికి అది ఆ తరంలో కొనడానికి దొరికిన అత్యుత్తమ అదనుల్లో ఒకటి.

తిరకాసు ధరలో లేదు, దాన్ని భాగించే అంకెలో ఉంది. 2008 చివరి మూడు నెలల్లో ఏఐజీ అనే ఒక్క బీమా కంపెనీయే 61.7 బిలియన్ డాలర్ల నష్టం చూపించింది. బ్యాంకులూ అదే దారిలో ఉన్నాయి. 2009 మార్చితో ముగిసిన ఏడాదికి సూచీ మొత్తం మీద ఆర్జన 6 డాలర్ల 86 సెంట్లకు కుంగిపోయింది. దానితో దేన్ని భాగించినా కొండంత అంకే వస్తుంది.

నూజివీడు వైపు మామిడి తోట బేరానికి వెళ్లినవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. మామిడి ఏడాది విరగకాస్తే మరుసటి ఏడాది మొహం చాటేస్తుంది. ఒక్క కాపు చూసి తోటకు వెల కట్టేవాణ్ని ఊరంతా చూసి నవ్వుతుంది. ఇరుగుపొరుగును వాకబు చేసి, నాలుగైదేళ్ల కాపు తెలుసుకున్నాకే బయానా ఇస్తారు.

ఈపాటి బుద్ధి వాల్ స్ట్రీట్‌కు దెబ్బ తిన్నాక గానీ నిలవలేదు. దాన్ని పుస్తకంలోకి ఎక్కించిన బెంజమిన్ గ్రాహం కూడా దెబ్బ తిన్నవారే. ఒకసారి కాదు, రెండుసార్లు. 1894లో లండన్‌లో గ్రాస్‌బామ్ అనే ఇంటిపేరుతో పుట్టారు. ఏడాది పిల్లాడిగా ఉండగానే కుటుంబం న్యూయార్క్ చేరింది. పింగాణీ సామాను వ్యాపారం చేసే తండ్రి 1903లో పోయారు. తల్లి ఇంట్లో అద్దె మనుషుల్ని పెట్టుకుని నెట్టుకొస్తూ, బ్రోకరు దగ్గర అప్పు మీద యూఎస్ స్టీల్ షేర్లు కొన్నారు. 1907 సంక్షోభంలో ఆ డబ్బు ఊడ్చుకుపోయింది. రెండో దెబ్బ నేరుగా ఆయనకే. 1929 నుంచి 1932 వరకు నాలుగేళ్లలో, ఆయన నడిపే ఉమ్మడి ఖాతా మూడింట రెండు వంతులకు పైగా కరిగిపోయింది. 1929 సెప్టెంబరులో 381 దాకా ఎక్కిన డౌ జోన్స్ సూచీ 1932 జూలై 8న 41 దగ్గర ముగిసింది.

ఆ పతనానికి ముందు బజారులో ఒక కొత్త వాదం నడిచింది. 1924లో ఎడ్గర్ లారెన్స్ స్మిత్ అనే ఆయన, దీర్ఘకాలంలో బాండ్ల కంటే షేర్లే మేలని లెక్కలతో ఒక చిన్న పుస్తకం రాశారు. పుస్తకం ఒళ్లు దగ్గర పెట్టుకునే రాసింది. చదివినవాళ్లు మాత్రం దాన్ని ‘షేరు ఏ ధరకైనా కొనొచ్చు’ అనే వేదంగా మార్చేశారు. పాత సగటుల్ని ఎవరూ పట్టించుకోలేదు, లాభం ఏ వైపు సాగుతోందన్నదే లెక్క. నిరుడు నాలుగు డాలర్లు, ఈ ఏడు ఐదు, కనుక పైఏడు ఆరు. గీత ఎప్పటికీ పైకే పోతుందని బజారు తీర్మానించుకుంది.

1934లో గ్రాహం, ఆయన సాయంత్రం తరగతిలో నోట్సు రాసుకున్న డేవిడ్ డాడ్ కలిసి తెచ్చిన ‘సెక్యూరిటీ అనాలిసిస్’ ఆ గీతకు జవాబు. ఒక కంపెనీ ఆర్జన శక్తి తెలియాలంటే కనీసం ఐదేళ్ల సగటు చూడాలి, ఏడేళ్లో పదేళ్లో అయితే ఇంకా మంచిదన్నారు. అందులో ఒక మంచి ఏడూ ఒక చెడ్డ ఏడూ పడి, ఒకదాన్నొకటి సరిచేసుకోవాలని ఉద్దేశం. ఆ సగటుకు 16 రెట్లకు మించి ధర పెడితే అది పెట్టుబడి కాదు, జూదం కిందికి వస్తుందని హద్దు గీశారు. తమాషా ఏమిటంటే, 1940లో వచ్చిన రెండో కూర్పులో ఆ 16 కాస్తా 20 అయింది. అంత గట్టి గురువు కూడా ఆరేళ్లకే కొలబద్దను జరిపారు. బజారులో గీసిన ఏ హద్దుకైనా ఇదే రాత, దాన్ని శిలాశాసనం అనుకునేవారే నష్టపోతారు.

పుస్తకంలో అంతకంటే పెద్ద లోపం ఒకటి ఉంది. పదేళ్ల కిందటి డాలరునూ ఈనాటి డాలరునూ ఒకే గంపలో వేసి సగటు కట్టారు. 1934లో అది లోపంగా కనిపించకపోవడంలో వింత లేదు. అంతకుముందు కొన్నేళ్లు ధరలు పడిపోతూ వచ్చాయి, ద్రవ్యోల్బణం పెద్ద బెంగ కాదు. పైగా గ్రాహం ధరల స్థాయి గురించి ఆలోచించని మనిషి కాదు. 1937లో సరుకుల్ని గోదాముల్లో నిల్వ చేసి ధరల్ని నిలకడగా ఉంచే పథకం మీద ఏకంగా ఒక పుస్తకమే రాశారు. ఆ ఆలోచననూ ఈ సగటునూ ఆయన ముడి వేయలేదు, అంతే.

ముడి వేయక తప్పని పరిస్థితి 1970ల్లో వచ్చింది. ఎస్ అండ్ పీ 500 సూచీకి 1972లో ఆర్జన 6 డాలర్ల 42 సెంట్లు, 1982లో 12 డాలర్ల 64 సెంట్లు. పదేళ్లలో దాదాపు రెట్టింపు అయినట్టుంది. ఆ పదేళ్లలోనే వినియోగ ధరల సూచీ 41.8 నుంచి 96.5కు పోయింది. అంటే 1972 నాటి 6 డాలర్ల 42 సెంట్లు 1982 ధరల్లో దాదాపు 14 డాలర్ల 80 సెంట్లతో సమానం. పెరిగిందనుకున్న ఆర్జన నిజానికి తరిగింది. పాత డాలర్లను అలాగే కలిపేస్తే సగటు నిజం కంటే చిన్నదిగా తేలి, షేరు ఉన్నదానికంటే ఖరీదైనదిగా కనిపిస్తుంది. అప్పటికే షేర్ల మీద జనానికి విరక్తి పుట్టింది. 1979 ఆగస్టులో ‘బిజినెస్ వీక్’ పత్రిక షేర్లు చచ్చాయని అట్టమీదే ప్రకటించింది. అదే ఏడాది ఫ్రాంకో మోడిగ్లియానీ, రిచర్డ్ కోన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు దానికి పూర్తి ఎదురువాదం చేశారు. మదుపరులు ద్రవ్యోల్బణాన్ని తప్పుగా లెక్కగడుతున్నారు, షేర్లు ఉండాల్సిన ధరలో సగానికే దొరుకుతున్నాయన్నారు.

ఆ మోడిగ్లియానీ శిష్యుడే రాబర్ట్ షిల్లర్. 1988లో షిల్లర్, జాన్ క్యాంప్‌బెల్ కలిసి గ్రాహం సగటుకు ద్రవ్యోల్బణం సవరణ జోడించారు. పద్ధతి చిన్నదే. పదేళ్లలో ప్రతి ఏటి ఆర్జననూ ఈనాటి ధరల్లోకి మార్చి, సగటు కట్టి, ఇవాళ్టి షేరు ధరను దానితో భాగించాలి. సైక్లికల్లీ అడ్జస్టెడ్ ప్రైస్ టు ఎర్నింగ్స్ అనే చాంతాడంత పేరును పొడి అక్షరాల్లోకి కుదించి, తర్వాత అందరూ ‘కేప్’ అనడం మొదలుపెట్టారు.

లెక్క చిన్నదైనా దానికి కావలసిన అంకెలు చిన్నవి కావు. 1871 దాకా వెనక్కి వెళ్లే షేరు ధరలు, డివిడెండ్లు, ఆర్జనలు ఆల్ఫ్రెడ్ కౌల్స్ అనే సంపన్నుడి పుణ్యం. క్షయ సోకి కొలరాడో స్ప్రింగ్స్‌లో మకాం పెట్టిన ఆయనకు, జోస్యం చెప్పే షేరు పండితులు 1929 పతనాన్ని ఎందుకు చెప్పలేకపోయారన్న అనుమానం పట్టుకుంది. 1932లో ఒక పరిశోధన సంస్థనే స్థాపించి, 1938లో పాత సూచీల గ్రంథం అచ్చేయించారు. 1913కు ముందటి ధరల స్థాయికి షిల్లర్ ఆధారపడింది వారెన్, పియర్సన్ అనే కార్నెల్ వ్యవసాయ ఆర్థికవేత్తల మీద. వాల్ స్ట్రీట్ కొలబద్దలో సగం చెక్క పొలంగట్టు నుంచి వచ్చిందన్నమాట.

1996 డిసెంబరు 3న షిల్లర్, క్యాంప్‌బెల్ వాషింగ్టన్‌లో ఫెడరల్ రిజర్వ్ బోర్డు ముందు ఈ లెక్క పరిచారు. కేప్ అప్పుడు 28 దగ్గరుంది, దీర్ఘకాలిక సగటు కంటే చాలా పైన. రెండు రోజుల తర్వాత ఒక విందు ప్రసంగంలో బోర్డు అధ్యక్షుడు ఆలన్ గ్రీన్‌స్పాన్ ‘ఇర్రేషనల్ ఎగ్జూబరెన్స్’ అనే మాట వాడారు. ఉత్సాహం వివేకాన్ని మింగేసిందా అని ఆయన సందేహం. ఆ ఒక్క మాటకే టోక్యో సూచీ 3 శాతం పడింది. న్యూయార్క్ కాసేపు తుళ్లిపడి, మళ్లీ తన దారి తాను పట్టింది.

ఆ తర్వాతి కథ ఈ కొలబద్దను వెనకేసుకొచ్చేవాళ్లను ఇబ్బంది పెడుతుంది. హెచ్చరిక నాటికి ఎస్ అండ్ పీ 500 సుమారు 745. ఆ మాట విని అమ్మేసినవాళ్లు చూస్తుండగానే 2000 మార్చిలో 1527కు చేరింది. కేప్ 1929 నాటి 32ను కూడా దాటి, 1999 డిసెంబరులో 44కు ఎక్కింది. మూడేళ్లపాటు పక్కింటివాడు ధనవంతుడు అవుతుంటే చూస్తూ కూర్చోవడం ఎవరికైనా కష్టమే. సూచీ మళ్లీ 745 కింద ముగియడానికి 2009 ఫిబ్రవరి దాకా, పన్నెండేళ్ల పైనే పట్టింది. ధర ఎక్కువైందని ఈ లెక్క చెప్పగలదు. ఎప్పుడు దిగుతుందో చెప్పే శక్తి దానికి లేదు, ఉందని షిల్లర్ కూడా అనలేదు.

గట్టి విమర్శ బయటివాళ్ల నుంచి రాలేదు. 1967లో ఎంఐటీలో చేరిన కొత్త విద్యార్థుల్ని క్షయ పరీక్షకు ఇంటిపేర్ల అక్షర క్రమంలో వరుసలో నిలబెట్టారు. షిల్లర్ పక్కన నిలబడ్డ కుర్రాడు జెరెమీ సీగెల్. స్నేహం అలాగే నిలిచింది, వాదనా అలాగే నిలిచింది. సీగెల్ వేలు పెట్టింది మళ్లీ విభాజకం మీదే. కొత్త అకౌంటింగ్ నియమాల ప్రకారం, కొన్న ఆస్తుల విలువ పడితే నష్టం రాయాలి, పెరిగితే అమ్మేదాకా లాభం రాయకూడదు. 2002లో ఏఓఎల్ టైమ్ వార్నర్ అలా గుడ్‌విల్‌ను, అంటే కొనుగోలులో ఆస్తుల విలువకు మించి లెక్కగట్టిన మొత్తాన్ని, కొట్టేసి, ఏడాదికి 98.7 బిలియన్ డాలర్ల నష్టం చూపింది. అలాంటి ఏళ్లు సగటులో పదేళ్లపాటు తిష్ఠ వేస్తాయి. మన పంట బీమాలో ఏడేళ్ల దిగుబడుల్లో మెరుగైన ఐదింటినే సగటుకు తీసుకుని మిగతా రెండిటినీ వదిలేస్తారు. షిల్లర్ ఏ ఏడాదినీ వదలరు. వదలడం మొదలుపెడితే ఏది చెడ్డ ఏడో ఎవరు తేల్చాలన్న పేచీ వస్తుంది. ఈ విషయంలో షిల్లర్ మొండితనమే మేలనిపిస్తుంది గానీ, సీగెల్ మాటను కొట్టిపారేయలేం.

సూచీని వదిలి ఒక్క కంపెనీ దగ్గరికి వస్తే, గ్రాహం అసలు ఉద్దేశించింది అదే కాబట్టి, మన దేశంలో టాటా స్టీల్ మంచి పాఠం. 2021-22లో లాభం 41,749 కోట్ల రూపాయలు. అప్పటి ధరకు పీఈ నాలుగు చుట్టూ ఉంది, పప్పు బెల్లాల ధర అన్నమాట. మరుసటి ఏడాది లాభం 8,075 కోట్లకు తగ్గింది, ఆపై ఏడు 4,910 కోట్ల నష్టం. నష్టానికి పీఈ కట్టే వీలే లేదు. ఉక్కు ధర ఎక్కిన ఏడాది చవకగా, దిగిన ఏడాది ప్రియంగా కనిపించే ఇలాంటి షేరుకు పదేళ్ల సగటు తప్ప గతి లేదు. ఆ సగటు కట్టబోతే చిక్కులు మొదలవుతాయి. 2022 జూలైలో ఒక్కో షేరును పదిగా చీల్చారు కనుక పాత షేరు ఆర్జనలన్నిటినీ పదితో భాగించుకోవాలి. పారిశ్రామిక కార్మికుల ధరల సూచీ వాడితే ఆధార సంవత్సరం 1982 నుంచి 2001కి, అక్కణ్నుంచి 2016కి మారింది. మధ్యలో 4.63, 2.88 అనే గుణకాలతో అతుకు వేయాలి. 2001 ఆధార సూచీ తయారైన ఊళ్లలో గుంటూరు, వరంగల్, గోదావరిఖని ఉన్నాయి. ముంబయి షేరు లెక్కలో గోదావరిఖని కూరగాయల బజారుకూ వాటా ఉందంటే అతిశయోక్తి కాదు.

ఇంత చేసినా కంపెనీ చెప్పిన లాభం నిజమైతేనే సగటు నిజం. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధిపతి దొంగలెక్కలు ఒప్పుకుంటూ రాసిన ఉత్తరం హైదరాబాద్ ఇంకా మరిచిపోలేదు. 2008 సెప్టెంబరు త్రైమాసికానికి చూపిన నిర్వహణ లాభం 649 కోట్లు, అసలు ఉన్నది 61 కోట్లు. కొన్నేళ్లుగా పేర్చుకుంటూ వచ్చిన లోటు కాబట్టి పదేళ్లు తీసి చూసినా అబద్ధం సగటులో నీట కలిసిన ఉప్పులా దాక్కునేది.

షిల్లర్‌కు 2013లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన యేల్ విశ్వవిద్యాలయంలో అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టిన ఎక్సెల్ పట్టిక ఈ కథంతటికీ చిట్టాపుస్తకం. మొదటి వరుస 1871 జనవరి: సూచీ 4.44, ఏడాది ఆర్జన 40 సెంట్లు, ధరల సూచీ 12.46. కేప్ నిలువులో మాత్రం అక్కడ అంకె లేదు. పదేళ్ల ఆర్జన పోగుపడే దాకా, అంటే వరుసగా 120 గళ్లు, ఖాళీ. 1881 జనవరి దగ్గర మొదటి అంకె పడింది: 18.47.