గోదావరి నేల నేర్పిన వర్ణన

తెలుగు తరగతిలో వర్ణన రాగానే పిల్లలు అలంకారం పేరు వెతుకుతారు. ప్రబంధాల అష్టాదశ వర్ణనల నాటి నుంచి వచ్చిన అలవాటు అది. వర్ణన కథను నడుపుతుందనీ, మనిషిని మారుస్తుందనీ గ్రహించడానికి మనకు చాలా కాలం పట్టింది. ఆ దారిలో మూడు ముఖ్యమైన మెట్లు గోదావరి జిల్లాల్లోనే కనిపిస్తాయి. మూడింటి వెనకా పాఠాలు చెప్పినవాళ్లే ఉన్నారు.

మొదటి మెట్టు కందుకూరి వీరేశలింగం పంతులుగారిది. ధవళేశ్వరం బడిలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసిన ఆయన 1878లో 'వివేకవర్ధని'లో 'రాజశేఖర చరిత్రము' మొదలుపెట్టారు. 1880లో అది పుస్తకమైంది. ప్రేరణ గోల్డ్‌స్మిత్ ఆంగ్ల నవలదే అయినా, కథ ధవళేశ్వరం వర్ణనతో మొదలవుతుంది. పాఠకుడు వెళ్లి చూసి రాగల ఊరు తెలుగు నవలలోకి అలా వచ్చింది. అయితే ఆ తీరు ఇంకా పురవర్ణనదే. రాజశేఖరుణ్ణి చెడగొట్టింది ముఖస్తుతి, దుబారా, బంగారం చేస్తానన్న బైరాగి మాట. అందులో ఏటికీ గాలికీ పాత్ర లేదు.

రెండో మెట్టు 1910లలో పడింది. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే స్వయంగా చిత్రకారుడు. శిష్యులను ఆరుబయటికి తీసుకెళ్లి, కళ్లెదుట ఉన్నదాన్ని చూసి గీయమనేవారు. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు ఆయన దగ్గర తయారైనవాళ్లే. ఆ చిత్రకారుడి చూపును బాపిరాజు నవలకు తెచ్చారు. 1934లో ఆంధ్ర విశ్వవిద్యాలయం బహుమతిని 'వేయిపడగలు'తో పంచుకున్న 'నారాయణరావు' కథానాయకుడిది కోనసీమలోని కొత్తపేట. ఇక్కడ ప్రకృతి పాత్రల మనసుకు రంగు అద్దుతుంది.

మూడో మెట్టు పాలగుమ్మి పద్మరాజుది. అత్తిలి దగ్గరి తిరుపతిపురంలో పుట్టి, కాకినాడ కాలేజీలో సైన్సు చెప్పిన ఆయన రాసిన 'గాలివాన' 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి పొందింది. నియమాలతో జీవితాన్ని కట్టుదిట్టం చేసుకున్న రావుగారు ఉపన్యాసానికి బయల్దేరి, రైల్లో ముష్టి అడిగిన ఒకామెకు కానీ ఇవ్వరు. ఇంతలో గాలివాన ముంచుకొస్తుంది. ఆ రాత్రి స్టేషన్లో చలికీ భయానికీ వణుకుతూ ఆ ముష్టి మనిషినే కరుచుకుని కూర్చుంటారు. ఆయన నమ్మిన నియమాల్లో ఒక్కటీ అక్కరకు రాలేదు, ఆమె ఒంటి వెచ్చదనం తప్ప ఆసరా లేదు.

ఇలా పరిసరాలు మనిషి నడతను నిర్ణయిస్తాయన్న చూపును సాహిత్యంలో సహజవాదం అంటారు. అమెరికన్ రచయిత స్టైన్‌బెక్ 1939 నాటి నవల 'ద గ్రేప్స్ ఆఫ్ రాత్'లో కరువు, దుమ్ము, అప్పు కలిసి జోడ్ కుటుంబాన్ని ఓక్లహోమా నుంచి కాలిఫోర్నియాకు తరిమేస్తాయి. అమెరికన్ విమర్శకులు ఆ నవలలో చూపించే సూత్రమే పద్మరాజు కథలో ఒక్క రాత్రిలో పనిచేస్తుంది. ఎంత నియమశీలుడైనా గాలి ముందు ఒట్టి ప్రాణి అని ఆయన చూపించారు.

అందుకే మన తరగతిలో ప్రశ్న మారాలి. 'ఇందులో అలంకారమేమిటి?' అన్నదానితో ఆగకుండా, 'ఈ గాలే వీచకపోతే రావుగారు ఏం చేసి ఉండేవారు?' అని అడగాలి. తుఫాను అంటే ఏమిటో ఇంట్లోనే తెలిసిన డెల్టా పిల్లలు ఆ ప్రశ్నకు సొంతంగా జవాబు చెప్పగలరు. పదచిత్రం ఎందుకుందో వాళ్లకు అప్పుడు నిజంగా తెలుస్తుంది.